కాపలా కుక్క జాతులు ఎలా పుట్టాయి

జర్మనీ నడిబొడ్డున థురింజియా ప్రాంతంలో ఆపొల్డా అనే చిన్న పట్నం ఉంది. ఉన్ని అల్లికలకూ చర్చి గంటల పోతకూ పేరుపడ్డ ఊరు. 1860ల నుంచి అక్కడ కుక్కల సంత కూడా జరిగేది. ఆ ఊళ్లో 1834లో పుట్టిన లూయీ డాబర్‌మన్ బతుకుతెరువు కోసం రకరకాల పనులు చేశాడు. పన్నులు వసూలు చేసేవాడనీ, రాత్రి గస్తీ తిరిగేవాడనీ చెబుతారు. చచ్చిన పశువుల తోళ్లు ఒలిచే పనీ చూసుకునేవాడు. వీటన్నిటితో పాటు వీధి కుక్కలను పట్టే అధికారం ఆయనకు ఉండేది. దిక్కు లేకుండా తిరిగే కుక్కలు ఒక్కొక్కటిగా ఆయన చేతికే చిక్కేవి.

డబ్బు సంచీతో పొద్దుగూకాక తిరిగే మనిషికి ఎలాంటి కుక్క కావాలో ఆయనకు బాగా తెలుసు. రంగు గురించీ పుట్టుక గురించీ పట్టించుకోలేదు. చేతికి చిక్కిన వాటిలో చురుకైనవి, బెదరనివి, కొత్త మనిషి ఎదురైతే వెనక్కి తగ్గనివి ఏరుకుని వాటినే జత కట్టించాడు. ఇది 1870ల తొలినాళ్ల సంగతి. ఏ కుక్కను దేనితో కలిపాడో ఎక్కడా రాసిపెట్టలేదు. కసాయివాళ్లు పశువులను తోలడానికి పెంచుకునే కుక్కలు, గోధుమ మచ్చలున్న నల్లని గొర్రెకాపరి కుక్కలు, ఎలుకలను పట్టే పించర్లు ఆ కలయికలో ఉన్నాయన్నది తర్వాతివాళ్ల లెక్క. 1894లో ఆయన చనిపోయాడు. అయిదేళ్లకు, 1899లో, అదే ఊరికి చెందిన ఓటో గోయెల్లర్ ఈ కుక్కల కోసం సంఘం పెట్టి వాటికి ఆయన పేరే ఖాయం చేశాడు. పెంచిన మనిషి పేరుతో పిలిచే జర్మన్ జాతి ఇదొక్కటే. పోలీసులు విరివిగా వాడడంతో కొన్నాళ్లకు దీన్ని జనం ‘జెండార్మ్ కుక్క’ అనడం మొదలుపెట్టారు. అంటే పోలీసు కుక్క అన్నమాట.

ఇంటికి కాపలా కుక్క కావాలనుకునేవాళ్లు ఇవాళ మొట్టమొదట అడిగే ప్రశ్న “ఏ జాతి మంచిది?” అని. చరిత్ర చూస్తే ఈ వ్యవహారం అటు నుంచి మొదలైంది. ముందు పని పుట్టింది. ఆ పనికి నిలిచిన కుక్కలను ఏరుతూ పోగా జాతి ఏర్పడింది. ఏరడం ఆపి రూపం చూసి కొనడం మొదలైన ప్రతిచోటా పేరు మిగిలింది గానీ పని సన్నగిల్లింది.

ఈ ఎంపిక గురించి ఆలోచించి రాసిన పాతకాలపు మనుషుల్లో కొలుమెల్లా ముఖ్యుడు. క్రీస్తు శకం ఒకటో శతాబ్దపు రోమన్. స్పెయిన్‌లో పుట్టి, ఇటలీలో సొంత పొలాలు సాగుచేయించిన రైతు. వ్యవసాయం మీద రాసిన పెద్ద గ్రంథంలో ఏడో భాగం చివర కుక్కల గురించి చెప్పాడు. పొలంలో ఇంటిని కాసే కుక్క నల్లగా ఉండాలంటాడు. పగలు చూస్తే దొంగకు దడ పుట్టాలి, రాత్రయితే చీకట్లో కలిసిపోయి కనబడకుండా వాడి దగ్గరికి చేరాలి. మందను కాసే కుక్క మాత్రం తెల్లగా ఉండాలి. తెల్లవారుజామున మసక వెలుతురులో కాపరి దాన్ని తోడేలనుకుని కొట్టకూడదు కదా. ఇంటి కుక్కకు పెద్ద తల, బరువైన ఒళ్లు, దూరానికి వినబడే గొంతు ఉండాలి. అది పరుగులో మేటి కానక్కర్లేదు, ఎందుకంటే దాని పని ఇంటి దగ్గరే.

గుణం గురించి ఆయన చెప్పింది ఇంకా విలువైంది. కుక్క మరీ సాధువు కాకూడదు, మరీ క్రూరమైనదీ కాకూడదు. మొదటిదయితే దొంగ కాళ్ల దగ్గరా తోక ఊపుతుంది. రెండోదయితే ఇంట్లోవాళ్ల మీదే పడుతుంది. దాదాపు రెండు వేల ఏళ్ల కింద రాసిన ఈ మాటను మించి ఇవాళ్టి శిక్షకులైనా చెప్పేది తక్కువే. కొలుమెల్లా తర్వాత కొద్ది కాలానికే, క్రీ.శ. 79లో, వెసూవియస్ బూడిదలో పాంపేయి నగరం కూరుకుపోయింది. అక్కడి ఒక ఇంటి గుమ్మంలో గొలుసుతో కట్టిన నల్ల కుక్క బొమ్మను రంగురాళ్లతో పొదిగి, కింద ‘కుక్క ఉంది జాగ్రత్త’ అన్న హెచ్చరిక రాయించారు. మన కాలనీల గేట్ల మీద వేలాడే బోర్డుకు అంత పాత వంశం ఉంది.

రాట్‌వైలర్ సంగతి చూస్తే పని పోతే జాతి ఏమవుతుందో తెలుస్తుంది. దక్షిణ జర్మనీలో రాట్‌వైల్ పశువుల వ్యాపారానికి కేంద్రం. అక్కడి కసాయివాళ్ల కుక్కలు పశువులను తోలేవి, బండి లాగేవి, యజమాని సొమ్ముకు కాపలా ఉండేవి. రైళ్లు వచ్చి, పశువులను రోడ్ల మీద తోలడం ఆగిపోయాక వీటి అవసరం తీరింది. 19వ శతాబ్దం చివరికి ఇవి అంతరించే స్థితికి వచ్చాయి. 1910లో జర్మనీలో పోలీసు కుక్కగా గుర్తింపు దొరికాక మళ్లీ కోలుకున్నాయి.

జర్మన్ షెపర్డ్ కథ దీనికి భిన్నం. ఇక్కడ పని చేజారిపోకముందే ఒక మనిషి మేలుకున్నాడు. 1899 ఏప్రిల్ 3న కార్ల్స్‌రూ పట్నంలో జరిగిన కుక్కల ప్రదర్శనకు మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే మాజీ అశ్వికదళ కెప్టెన్ వచ్చాడు. అక్కడ హెక్టర్ లింక్స్‌రైన్ అనే నాలుగేళ్ల కాపరి కుక్క ఆయన కంట పడింది. తోడేలు పోలిక, బిగువైన ఒళ్లు, తొణకని స్వభావం. వెంటనే కొనేశాడు. హొరాండ్ ఫాన్ గ్రాఫ్రాట్ అని కొత్త పేరు పెట్టాడు. అదే నెల 22న జర్మన్ షెపర్డ్ సంఘం పుట్టింది, దాని వంశావళి పుస్తకంలో మొదటి నంబరు హొరాండ్‌ది. ఇవాళ మన వీధుల్లో కనిపించే జర్మన్ షెపర్డ్‌ల వంశవృక్షాన్ని పైకి లాక్కుంటూ పోతే ఆ ఒక్క కుక్క దగ్గరికే చేరతాం.

స్టెఫానిట్స్ పట్టుదల ఒక్కటే. ఈ కుక్క పనికోసం పుట్టింది, పని చేయలేకపోతే అందం ఎందుకు? ఫ్యాక్టరీలు పెరిగి గొర్రెల మందలు తరిగిపోతుంటే ఆయన పోలీసుల దగ్గరికీ సైన్యం దగ్గరికీ వెళ్లి తన కుక్కల చేత పని చేయించి చూపించాడు. 1925 నాటికి ప్రదర్శనల్లో గెలిచే కుక్కలు మరీ ఎత్తుగా, బరువుగా తయారవుతున్నాయని గమనించాడు. ఆ ఏడాది అగ్రస్థానానికి క్లోడో ఫాన్ బాక్స్‌బెర్గ్ అనే పొట్టి, పొడవాటి ఒళ్లున్న కుక్కను ఎంచి పెంపకందారులందరినీ ఉలిక్కిపడేలా చేశాడు. జాతి దారి తప్పుతుంటే ఒక్క నిర్ణయంతో మళ్లించే ధైర్యం ఆయనకు ఉంది. అలాంటి మనిషి అన్ని జాతులకూ దొరకలేదు.

స్టెఫానిట్స్ కార్ల్స్‌రూ ప్రదర్శనలో తిరిగిన ఏడాదే బెల్జియంలో గెంట్ నగర పోలీసు అధికారి ఎర్నెస్ట్ వాన్ వెసెమాల్ మరో ప్రయోగం మొదలుపెట్టాడు. రాత్రి గస్తీకి చాలినంత మంది పోలీసులు లేరు, కొత్తవాళ్లను తీసుకోవడానికి డబ్బు లేదు. మనిషికి తోడు కుక్కను ఇద్దామనుకున్నాడు. గెంట్ కుక్కల పేరు ఎంత దూరం పాకిందంటే, 1907లో న్యూయార్క్ పోలీసులు అక్కడికి మనిషిని పంపి కుక్కలను తెప్పించుకున్నారు. అవి బెల్జియన్ కాపరి కుక్కలు, వాటిలో పొట్టి వెంట్రుకల రకమే మాలినోయిస్. ఈ రకాలను వేరుచేసి చూసే పని 1891లోనే మొదలైంది. బ్రసెల్స్ పశువైద్య కళాశాల ప్రొఫెసర్ అడాల్ఫ్ రెల్ ఆ ఏడాది నవంబరులో 117 కాపరి కుక్కలను ఒకచోట చేర్చి పోలికలు పట్టాడు.

ఇంగ్లండ్‌లో ఎంపిక ఇంకో జాతి మీద పడింది. 1908లో హల్ ఓడరేవులో రైల్వే పోలీసులు ఎయిర్‌డేల్ టెర్రియర్లను కాపలాకు దింపారు. యూనిఫాంలో ఉన్న మనిషిని కాపాడడం, యూనిఫాం లేకుండా రాత్రిపూట గోదాముల మధ్య తిరిగేవాడిని ఆపడం వాటికి నేర్పారు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి కుక్కల బడి నడిపిన ఎడ్విన్ రిచర్డ్‌సన్‌కు కూడా ఎయిర్‌డేల్ అంటే గురి. వందల కుక్కలను తర్ఫీదు చేసిన అనుభవంతో ఆయన ఒక గుర్తు చెప్పేవాడు. తోకను వీపు మీదికి చుట్టుకుని తిరిగే కుక్క సాధారణంగా సైన్యం పనికి రాదట, దానికి నిలకడ ఉండదట. శాస్త్రానికి ఇది ఎంతవరకు నిలుస్తుందో గానీ, ఆయన చూపు కుక్క తీరు మీద ఉందన్నది మాత్రం స్పష్టం.

పనికి నిలిచే కుక్కను తేల్చడానికి జర్మన్లు 20వ శతాబ్దం తొలి ఏళ్ల నుంచే ఒక పరీక్షను తయారుచేసుకున్నారు. దానికి పెట్టిన పేరు షుట్స్‌హుండ్, అంటే రక్షక కుక్క. వాసన పట్టి జాడ తీయడం, మాట వినడం, కాపలా కాయడం అని మూడు భాగాలు. మూడో భాగం చూసి తీరాల్సింది. మైదానంలో అటూ ఇటూ కలిపి ఆరు చాటు గుడారాలు ఉంటాయి. ఒకదాని వెనక మందపాటి తొడుగు చేతికి వేసుకున్న మనిషి దాక్కుంటాడు. యజమాని చెయ్యి చూపగానే కుక్క ఒక్కో గుడారాన్నీ చుట్టి వెతుకుతుంది. మనిషి కనబడగానే ఎదురుగా నిలబడి గొంతెత్తి ఆపకుండా మొరుగుతుంది. వాడు కదలనంతసేపూ పళ్లు తగలకూడదు. తగిలితే మార్కులు పోతాయి. వాడు పరుగెత్తినా, ఎదురు తిరిగినా తొడుగు పట్టుకుని వదలకూడదు, మెత్తటి కర్రతో కొట్టినా వెనకడుగు వేయకూడదు. వాడు నిలబడిపోయాక యజమాని నోట ‘వదులు’ అన్న ఒక్క మాట రాగానే పట్టు విడవాలి. ఇంకో భాగంలో తుపాకీ పేలుస్తారు. చప్పుడుకు బెదిరిన కుక్క అక్కడితో బయటికి పోతుంది.

కరిపించడం సులువు, వదిలించడమే కష్టం. ఒళ్లంతా ఉద్రేకంతో ఊగుతున్న జంతువు ఒక్క మాటకు నోరు తెరవాలంటే దానికి ధైర్యమూ, మనిషి మీద నమ్మకమూ రెండూ ఉండాలి. పిరికి కుక్క కూడా కరుస్తుంది, నిజానికి ఎక్కువగా కరిచేది అదే. ఈ తేడా పట్టడానికే ఆ పరీక్ష. జర్మనీలో ఇప్పటికీ ఇలాంటి పని పరీక్ష నెగ్గితేనే జర్మన్ షెపర్డ్‌ను సంతానానికి అనుమతిస్తారు.

అయితే ఇంత శ్రద్ధగా తయారుచేసిన కుక్కలనే నాజీలు నిర్బంధ శిబిరాల్లో ఖైదీల మీదికి ఉసిగొల్పారు. ఆ చరిత్రను దాటవేసి ఈ జాతుల గొప్ప చెప్పుకోవడం సరికాదు. వదలడం నేర్చుకున్న కుక్క చేత కూడా, వదలమనని మనిషి ఉంటే ఏ పనైనా చేయించవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం చేసిన ప్రయోగానికి లెక్కలు మిగిలాయి. 1942లో పౌరులు తమ ఇంటి కుక్కలను సైన్యానికి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ముప్పైకి పైగా జాతులను తీసుకున్నారు. అనుభవం వచ్చేకొద్దీ జాబితా 18కి, 1944 నాటికి ఏడుకి తగ్గింది. ఆ ఏడింటిలో కాపలాకూ గస్తీకీ మిగిలినవి జర్మన్ షెపర్డ్, బెల్జియన్ కాపరి కుక్క, డాబర్‌మన్ వంటివి. మంచు ప్రాంతాల్లో బండి లాగేవి మిగతా వాటిలో ఉన్నాయి. చూడగానే భయం పుట్టించే గ్రేట్ డేన్ జాబితా నుంచి పోయింది, అంత పెద్ద ఒళ్లున్న కుక్కకు తర్ఫీదు ఇవ్వడం కష్టమైంది. వేట కుక్కలూ పోయాయి, దారిలో ఏ జంతువు వాసన తగిలినా వాటి ధ్యాస అటు మళ్లేది. మొత్తం 19,000 దాకా కుక్కలను సేకరిస్తే దాదాపు 45 శాతాన్ని పనికిరావని పక్కనబెట్టారు. తర్ఫీదు పూర్తిచేసిన 10,425లో సుమారు 9,300 కుక్కలు కాపలాకే వెళ్లాయి. అనుకూలమైన జాతులనే ఏరుకున్నా ప్రతి కుక్కనూ విడిగా చూడక తప్పలేదని ఈ అంకెలు చెబుతున్నాయి.

భారతదేశానికి ఈ విదేశీ జాతులు బ్రిటిష్ వాళ్లతో వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ పేరు పలకడానికి ఇష్టపడని ఇంగ్లండ్‌లో జర్మన్ షెపర్డ్‌ను అల్సేషియన్ అన్నారు, మన పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ పేరే వాడతారు. కానీ మన నేల మీద కాపలాకూ వేటకూ కుక్కలను ఎంచుకునే అలవాటు అంతకు ఎంతో పాతది. తమిళనాడులో తేని జిల్లా వైపు కోంబై, బళ్లారికి ఎగువన బాగల్‌కోట్ వైపు ముధోల్ వేట కుక్క, ఇంకా కన్ని, చిప్పిపారై. వీటిలో తెలుగువాళ్లతో చుట్టరికం ఉన్నది రాజపాళయం.

విరుదునగర్ జిల్లాలో పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయం ఊరిని నిలబెట్టింది ఆంధ్ర ప్రాంతం నుంచి వలస వెళ్లిన రాజు కులస్థులు. విజయనగర, నాయక రాజుల కాలపు వలసలవి. ఇవాళ్టికీ వాళ్ల ఇళ్లలో తెలుగు వినబడుతుంది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. ఆ ఇళ్లూ పొలాలూ కాసిన కుక్క ఎత్తుగా, పొట్టి వెంట్రుకలతో, పాలలాంటి తెల్లని ఒంటితో, గులాబీ రంగు ముక్కుతో ఉంటుంది. అడవిపంది వేటకూ దీన్నే తీసుకెళ్లేవారు. ఇంటివాళ్లకు తప్ప ఇతరులకు తొందరగా దగ్గరకాదు. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ జాతుల మీద బిళ్లలు వేసినప్పుడు హిమాలయన్ కాపరి కుక్క, రాంపూర్, ముధోల్‌ల పక్కన రాజపాళయానికీ చోటు దక్కింది.

మచ్చ లేని తెలుపు, గులాబీ ముక్కు ఉంటేనే అసలైన రాజపాళయం అన్న పట్టింపు ఈ జాతికి చేటు చేసింది. చెవి లోపలి భాగంలో రంగు కణాలకు ఒక పని ఉంది. వినికిడిని అందించే సున్నితమైన కణాలకు ఆధారంగా ఉండే పొరను అవి నిలబెడతాయి. ఒంట్లో రంగు పూర్తిగా కొరవడిన కుక్కలకు చాలాసార్లు చెవిలోనూ ఆ కణాలు ఉండవు. పుట్టిన కొద్ది వారాలకే వినికిడి కణాలు చచ్చిపోతాయి, కుక్కపిల్ల చెవిటిదవుతుంది. మచ్చల డాల్మేషియన్ జాతిలోనూ ఇదే జబ్బు. రాజపాళయంలో చెవుడు పెంపకందారులందరికీ తెలిసిన సమస్యే. చీకట్లో అడుగుల చప్పుడు పసిగట్టాల్సిన జంతువుకు చెవి లేకపోతే ఇక మిగిలేది చూడడానికి అందమైన ఒళ్లే. పాత రాజుల ఇళ్లలో చెవిటి కుక్క ఒక్క రాత్రి గడిచేసరికి పట్టుబడి ఉండేది. అంగట్లో మాత్రం తెల్లగా ఉన్న పిల్లకే ఎక్కువ ధర పలికింది.

డాబర్‌మన్‌కూ ఇలాంటి కష్టమే, అక్కడ గుండెకు వచ్చింది. కొద్దిపాటి కుక్కల సంతానాన్నే మళ్లీ మళ్లీ కలుపుతూ రావడంతో గుండె కండరం పలచబడి సాగిపోయే జబ్బు ఈ జాతిలో పాతుకుపోయింది. ఐరోపాలో పరీక్షించిన డాబర్‌మన్లలో సగానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు దాని బారిన పడుతున్నట్టు తేలింది. ఆరోగ్యంగా కనిపించే కుక్క నాలుగైదేళ్లకే ఉన్నట్టుండి కూలిపోవడం దీనివల్లే. జర్మన్ షెపర్డ్‌లలో ప్రదర్శనల కోసం పెంచే వాటి నడుము వెనక్కి జారి, తుంటి కీళ్లు బలహీనపడ్డాయి. అందుకే ఇవాళ పోలీసులు, సైన్యాలు ఎక్కువగా మాలినోయిస్ వైపు మొగ్గుతున్నారు. మగ కుక్క బరువు 25 నుంచి 30 కిలోలే, కానీ పెంపకందారులు చాలావరకు పని పరీక్షల చుట్టూనే దాన్ని నిలబెట్టుకున్నారు. హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్ దగ్గర తెలంగాణ పోలీసు కుక్కలకు తర్ఫీదు ఇచ్చే అకాడమీలోనూ లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌ల పక్కన మాలినోయిస్ చేరింది. అయితే దాన్ని అపార్ట్‌మెంట్ బాల్కనీలో కట్టేస్తే పిచ్చెక్కుతుంది. రోజూ పని దొరికితేనే అది మంచి కుక్క.

దేశీ జాతులకు కూడా ఇప్పుడు పని పరీక్షలు మొదలయ్యాయి. 2016లో మీరట్‌లోని సైనిక కేంద్రంలో ముధోల్ కుక్కలకు తర్ఫీదు మొదలుపెట్టారు. 2024 అఖిల భారత పోలీస్ డ్యూటీ మీట్‌లో సరిహద్దు భద్రతా దళానికి చెందిన రియా అనే ముధోల్ కుక్క విదేశీ జాతులన్నిటినీ దాటి జాడ తీయడంలో మొదటి స్థానం గెలిచింది. కళ్లతో చూసి తరిమే వేట కుక్కగా తరతరాలుగా పెరిగిన జాతి, ముక్కుతో చేసే పనిలో గెలవడం చిన్న విషయం కాదు. ఎంచే విధానం మారితే ఏమవుతుందో ఇది చూపిస్తోంది.

ఇంటి కాపలా విషయంలో మాత్రం గందరగోళం తగ్గలేదు. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ రాట్‌వైలర్‌తో సహా 23 రకాల కుక్కల అమ్మకాన్నీ పెంపకాన్నీ ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టివేసింది. కుక్క కరిచినప్పుడల్లా జాతి పేరు మీద చర్చ లేస్తుంది, ఆ కుక్క తల్లిదండ్రులు ఎలాంటివి, దానికి వదలడం ఎవరైనా నేర్పారా అన్నది అడిగేవాళ్లు తక్కువ. డాబర్‌మన్ పిల్లను కొనేవాళ్లు తల్లిదండ్రుల గుండె పరీక్ష కాగితాలు, రాట్‌వైలర్‌కో జర్మన్ షెపర్డ్‌కో తుంటి ఎక్స్‌రేలు, రాజపాళయానికి వినికిడి పరీక్ష ఫలితం అడగాలి. మెదడు స్పందనను కొలిచే ఆ వినికిడి పరీక్ష పిల్లకు ఆరు వారాలు రాగానే చేయవచ్చు. వీటన్నిటికంటే ముందు తల్లి కుక్క ఉన్న చోటికి వెళ్లి, గేటు దగ్గర కొత్త మనిషిని చూసినప్పుడు అదేం చేస్తుందో, యజమాని పిలిస్తే ఎంతసేపటికి వెనక్కి వస్తుందో కళ్లారా చూడాలి. తల్లిని చూపించడానికి వెనకాడే అమ్మకందారు దగ్గర, పిల్ల ఎంత అందంగా ఉన్నా కొనకూడదు.